తిరుమల ఘాట్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా: ఒకే పీఠభూమిలో పది రోజులు

(పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లబోతున్న తల్లిదండ్రుల కోసం తిరుపతిలో ఏర్పాటైన ఒక సమావేశంలో విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకునేందుకు రికార్డింగు నుంచి రాసుకున్నాము.)

పెద్దలకు, తల్లులకు, మిత్రులకు నమస్కారం. వెనుక వరుసలో కూర్చున్నవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఎత్తండి, నేను ముందుకు వస్తాను.

ఈ హాలులో ఉన్నవారిలో చాలామందికి కొడుకో, కూతురో, అల్లుడో అమెరికాలో ఉన్నారు. మన తిరుపతి ఎండలు ముదిరే ముందు బయలుదేరి, నాలుగైదు నెలలు అక్కడ ఉండి, ఆ తరువాత తిరిగి వస్తాము. ఆ నాలుగైదు నెలల్లో పిల్లలకు దొరికే సెలవు ఎంత? పది రోజులు. బాగా కలిసివస్తే పన్నెండు రోజులు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ పది రోజుల గురించి మాత్రమే. వీసా గురించి, విమానం టిక్కెట్ల గురించి చెప్పేవారు మీకు చాలామంది దొరుకుతారు. ఆ దేశపు కొండలను, లోయలను, జలపాతాలను చూడడానికి ఆ పది రోజులను ఎలా కేటాయించుకోవాలో నేను చెబుతాను.

ముందుగా మా మొదటి ప్రయాణం సంగతి చెబుతాను. మా అబ్బాయి ఎంతో ప్రేమతో తొమ్మిది రోజులకు ఆరు నేషనల్ పార్కులు కుదిర్చాడు. తొమ్మిది రోజుల్లో మేము కారులో తిరిగినది 4,800 కిలోమీటర్లు. రోజుకు సగటున ఐదు వందలకు పైనే. గ్రాండ్ కాన్యన్ అంచున మేము నిలబడినది ఎంతసేపో తెలుసా? నలభై నిమిషాలు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆ లోయ బొమ్మను నల్లబల్ల మీద గీసి చూపించినవాడిని, ఆ లోయ అంచున నలభై నిమిషాలు నిలబడి, చీకటి పడేలోగా తరువాతి ఊరు చేరాలని కారెక్కాను. మా ఆవిడ ఆ రాత్రి అడిగింది: "ఇన్నేళ్లు దాని గురించే చెప్పారు కదా, ఇంతేనా చూడడం?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. తప్పు మా అబ్బాయిది కాదు. వాడు ప్రణాళిక వేస్తున్నప్పుడు నేను పక్కన కూర్చోలేదు, అది నా తప్పు. రెండోసారి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్నాను. ఆ రెండో ప్రయాణంలో నేర్చుకున్నదే ఇప్పుడు మీతో పంచుకుంటున్నాను.

అసలు పెద్ద దేశం అంటే ఏమిటి? మనది చిన్న దేశమేమీ కాదు. అయినా అమెరికా వైశాల్యం సుమారు 98 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి దాదాపు మూడు రెట్లు. అలాస్కా, హవాయి దీవులను పక్కన పెట్టినా ఆ ప్రధాన భూభాగంలోనే నాలుగు కాలమండలాలు ఉన్నాయి. న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు రోడ్డు మీద వెళితే 4,600 కిలోమీటర్లకు పైమాటే. మన తిరుపతి నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి అది రెట్టింపు కన్నా ఎక్కువ. ఫోను తెర మీద మ్యాపు చూస్తే మాత్రం ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ ఒకదానికొకటి బొటనవేలి దూరంలో కనబడతాయి. ఆ బొటనవేలి దూరం రోడ్డు మీద 1,300 కిలోమీటర్లు దాటుతుంది. ఎల్లోస్టోన్ చేరితే పని అయిపోయిందా? అదీ కాదు. 1872లో ఏర్పడిన ఆ పార్కు వైశాల్యం సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన తిరుపతి జిల్లా అంత. ఒక జిల్లాను మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం కాఫీకి మధ్య చూసేస్తామని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా?

మరొక ఉదాహరణ చెబుతాను, దీన్ని గుర్తుంచుకోండి. గ్రాండ్ కాన్యన్‌కు ఉత్తరపు అంచు ఉంది, దక్షిణపు అంచు ఉంది. ఈ అంచున నిలబడితే ఆ అంచు కనబడుతూనే ఉంటుంది. సందర్శకులు నిలబడే చోట్ల మధ్య గాలిలో గీత గీస్తే 16 కిలోమీటర్లు. కారులో వెళ్లాలంటే? సుమారు 340 కిలోమీటర్లు, కనీసం నాలుగు గంటలు. లోయను చుట్టి రావాలి కదా! ఈ సంగతి తెలియక ఉదయం ఒక అంచు, సాయంత్రం ఒక అంచు అని కాగితం మీద రాసుకున్నవారిని నేను చూశాను.

అందువల్ల నేను చెప్పేది ఒక్కటే. అరవైకి పైగా ఉన్న నేషనల్ పార్కుల్లో ఎన్నింటిని చూడాలని లెక్క మొదలుపెట్టకండి. ఒక నేలను ఎంచుకోండి. ఆ నేల తన కథను తాను చెప్పుకునేంత సేపు అక్కడ ఉండండి.

ఏ నేలను ఎంచుకోవాలి? ఒక్కొక్కరిది ఒక్కొక్క అభిరుచి. రాళ్లు చదివేవాడిని కనుక నేను కొలరాడో పీఠభూమిని ఎంచుకున్నాను. యూటా, ఆరిజోనా, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాల్లోకి విస్తరించిన ఆ పీఠభూమి ఒక్కటే మన ఆంధ్రప్రదేశ్‌కు రెట్టింపు ఉంటుంది. అందులోనూ నేను పట్టుకున్నది మూడు చోట్లనే: బ్రైస్ కాన్యన్, జయాన్, గ్రాండ్ కాన్యన్. ఈ మూడే ఎందుకు? బ్రైస్ కాన్యన్‌లో అట్టడుగున ఉన్న రాతిపొర జయాన్‌కు వచ్చేసరికి అన్నిటికన్నా పైపొర అవుతుంది. జయాన్‌లో అట్టడుగున ఉన్న పొర గ్రాండ్ కాన్యన్‌కు వచ్చేసరికి మన కాళ్ల కింద, లోయ అంచు మీద ఉంటుంది. అంటే మూడు పార్కులూ ఒకే గ్రంథానికి మూడు సంపుటాలు. ఈ వరుసను భూగర్భశాస్త్రవేత్తలు గ్రాండ్ స్టెయిర్‌కేస్, అంటే మహా సోపానం అంటారు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతూ వస్తే మనం సుమారు ఐదు కోట్ల సంవత్సరాల నాటి సరస్సు అడుగు నుంచి 175 కోట్ల సంవత్సరాల నాటి రాయి దాకా, పుటలు వెనక్కి తిప్పుకుంటూ చదివినట్లే.

మన తిరుపతివారికి ఈ చదువు కొత్తది కాదు. శిలాతోరణం చూడనివారు ఈ హాలులో ఉన్నారా? గాలి, నీరు కలిసి క్వార్ట్‌జైట్ రాయిని తొలిచి నిలబెట్టిన ఆ తోరణాన్ని మీ పిల్లలకు చిన్నప్పుడు చూపించే ఉంటారు. యూటాలో ఆర్చెస్ అనే పార్కులో అలాంటి సహజ తోరణాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. అలాగే తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు కొండ కోత మీద ఒక గీత కనబడుతుంది. కింద బాగా పాతదైన గ్రానైట్, దాని మీద పరుపులు పరిచినట్లు క్వార్ట్‌జైట్. ఆ రెండూ కలిసే గీత దగ్గర పదుల కోట్ల సంవత్సరాల చరిత్ర లేదు. అక్కడ ఆ కాలమంతా కోతకు గురై కొట్టుకుపోయింది. దానిని ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటు అది. గ్రాండ్ కాన్యన్ అడుగున కూడా సరిగ్గా ఇటువంటి గీతే ఉంది. అక్కడ పాత రాయి మీద టేపీట్స్ ఇసుకరాయి నేరుగా కూర్చున్న చోట మాయమైన కాలం సుమారు 120 కోట్ల సంవత్సరాలు. ఆ పాత రాయి పేరు ఏమిటో తెలుసా? విష్ణు షిస్ట్. నిజంగా, విష్ణువు పేరే. పక్కనే బ్రహ్మ షిస్ట్, రామ షిస్ట్ కూడా ఉన్నాయి. 1880ల్లో ఆ లోయను పరిశోధించిన క్లారెన్స్ డటన్ అనే శాస్త్రవేత్త అక్కడి శిఖరాలను చూసి, తూర్పు దేశాల ఆలయాలు గుర్తుకు వచ్చి ఒక శిఖరానికి విష్ణు టెంపుల్ అని పేరు పెట్టాడు. ఏడుకొండల నీడలో పుట్టి పెరిగినవాడిని, ఆ లోయ అంచున నిలబడి ఆ శిఖరాన్ని వేలితో చూపించి ఆ పేరు చెప్పినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

ఇప్పుడు దారి చెబుతాను. రాసుకునేవారు రాసుకోండి. లాస్ వేగాస్‌లో విమానం దిగి, కారు తీసుకుని, మొదట బ్రైస్ కాన్యన్‌కు వెళ్లాలి. సుమారు 430 కిలోమీటర్లు, మొత్తం ప్రయాణంలో పొడవైన రోజుల్లో ఇది ఒకటి. అక్కడ రెండు రాత్రులు. బ్రైస్ నుంచి జయాన్‌కు 135 కిలోమీటర్లు, అక్కడ రెండు రాత్రులు. జయాన్ నుంచి పేజ్ అనే ఊరికి సుమారు 180 కిలోమీటర్లు, ఒక రాత్రి. పేజ్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు 215 కిలోమీటర్లు, అక్కడ మూడు రాత్రులు. మూడు, తగ్గించవద్దు. తిరిగి లాస్ వేగాస్‌కు 450 కిలోమీటర్లు. అంతా కలిపితే దాదాపు 1,400 కిలోమీటర్లు. మొదటిసారి మేము తిరిగిన 4,800తో పోల్చి చూడండి. ఎనిమిది రాత్రులు పోగా, రాకపోకలకు, అలసట తీర్చుకోవడానికి రెండు రోజులు మిగులుతాయి.

బ్రైస్ గురించి క్లుప్తంగా చెబుతాను. సముద్రమట్టానికి ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో, ఎర్రటి రాతి స్తంభాలు వేల సంఖ్యలో నిలబడి ఉంటాయి. ఏడాదిలో 170కి పైగా రోజులు అక్కడ రాత్రి నీరు గడ్డకట్టి, పగలు కరుగుతుంది. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచించి రాయిని చీలుస్తుంది. ఆ స్తంభాలను చెక్కిన ఉలి అదే. సూర్యోదయానికి అరగంట ముందు అంచుకు చేరుకోండి. సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా చదునైన బాట ఒక కిలోమీటరు కూడా ఉండదు, మోకాళ్ల నొప్పులున్నవారూ నడవగలరు. రాత్రి ఆకాశం చూడడం మరచిపోవద్దు. చలికోటు తప్పనిసరి, జూన్‌లో కూడా.

జయాన్‌కు వస్తే లెక్క తారుమారవుతుంది. బ్రైస్‌లో పైనుంచి కిందికి చూస్తాము, జయాన్‌లో లోయ అడుగున నిలబడి పైకి చూస్తాము. రెండు వైపులా వందల మీటర్ల ఎత్తున గోడలు. ఆ గోడలు చాలావరకు ఒకప్పటి ఎడారి ఇసుక దిబ్బలు. గాలి పేర్చిన వాలు గీతలు ఇప్పటికీ రాయిలో స్పష్టంగా కనబడతాయి. వసంతం నుంచి శరదృతువు దాకా ప్రధాన లోయలోకి సొంత కార్లను అనుమతించరు, పార్కువారి ఉచిత బస్సులోనే వెళ్లాలి. కొండకు బస్సులో వెళ్లే మనకు ఇదేమీ కష్టం కాదు. చివరి స్టాపులో దిగితే నది పక్కన రానుపోను మూడున్నర కిలోమీటర్ల చదునైన బాట ఉంది, అందులో ఎంత దూరం నడవగలిగితే అంత దూరం నడవండి. ఏంజెల్స్ ల్యాండింగ్ అని ఒక ఇరుకు శిఖరం ఉంది, దానికి పర్మిట్ కావాలి, గొలుసు పట్టుకుని ఎక్కాలి. పిల్లలు వెళతామంటే వెళ్లనివ్వండి, మనకు నది ఒడ్డు చాలు.

పేజ్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఆంటిలోప్ కాన్యన్ అనే సన్నని చీలిక నావహో ప్రజల భూమిలో ఉంది. వారి గైడు లేకుండా లోపలికి వెళ్లనివ్వరు, ముందే బుక్ చేసుకోవాలి. మనం చెప్పులు విడిచి కొండ ఎక్కినట్లే, ఆ నేల వారికి పూజ్యమైనది. వారు వద్దన్నచోట ఫొటో తీయవద్దు, చేయి పెట్టవద్దన్నచోట పెట్టవద్దు. మొదటి జాగ్రత్త గడియారం గురించి. వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరపడం ఆ దేశంలో ఆనవాయితీ. ఆరిజోనా రాష్ట్రం జరపదు, పక్కనున్న యూటా జరుపుతుంది, ఆరిజోనాలోనే ఉన్న నావహో భూమి కూడా జరుపుతుంది. ఫోను ఒక గంట అటూ ఇటూ గెంతుతూ ఉంటుంది. గైడు చెప్పిన సమయం ఎవరి గడియారం ప్రకారమో అడిగి కాగితం మీద రాసుకోండి. రెండో జాగ్రత్త వరద గురించి. 1997 ఆగస్టులో ఆంటిలోప్ కాన్యన్‌లో పదకొండు మంది యాత్రికులు చనిపోయారు. వారి తల మీద వాన పడలేదు. ఎన్నో మైళ్ల దూరంలో కురిసిన వాన ఆ చీలికలోకి వరదై వచ్చింది. గైడు ఈరోజు వద్దు అంటే డబ్బు పోయినా సరే వెనక్కి రండి.

ఇక గ్రాండ్ కాన్యన్. 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు, ఒక మైలుకు పైగా లోతు. పేజ్ వైపు నుంచి వస్తే తూర్పు ద్వారం దగ్గర డెజర్ట్ వ్యూ అనే చోట మొదటి దర్శనం. అక్కడ హడావిడి పడకండి, మూడు రోజులు చేతిలో ఉన్నాయి. మొదటి సాయంత్రం ఒకేచోట కూర్చోండి. నీడ కదులుతుంటే లోయ రంగు మారుతుంది. మధ్యాహ్నం చదునుగా, బొమ్మలాగా కనబడినది సాయంత్రానికి లోతు తెలుస్తుంది. మన గండికోటలో పెన్నా లోయను పన్నెండు గంటల ఎండలో చూసినవారికి, అక్కడే రాత్రి ఉండి తెల్లవారుజామున చూసినవారికి ఉన్న తేడా ఇదే.

రెండో రోజు ట్రెయిల్ ఆఫ్ టైమ్ అనే బాట నడవండి. దయచేసి దీనిని ఎవరూ వదులుకోవద్దు. లోయ అంచున చదునుగా పరచిన బాట అది. అందులో ఒక్కొక్క మీటరు పది లక్షల సంవత్సరాలకు గుర్తు. యావాపాయ్ మ్యూజియం దగ్గర వర్తమానంలో మొదలుపెట్టి నడుస్తూ ఉంటే, ఏ రాయి ఎన్నేళ్ల నాటిదో ఆ రాయిని లోయలోంచి తెచ్చి, అన్నేళ్ల దూరంలో ఆ బాట పక్కన పెట్టారు. తాకి చూడవచ్చు. లోయలోకి దిగలేని మనలాంటివారి కోసమే చేసినట్లు ఉంటుంది. నేను, మా ఆవిడ నెమ్మదిగా, కూర్చుంటూ లేస్తూ నడిచాము. 1,750వ మీటరు చేరువలో, నల్లగా, మెరుస్తూ, విష్ణు షిస్ట్. మా ఆవిడ ఆ రాతి మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడింది. తరువాత "ఇప్పుడు చూసినట్లయింది" అని మాత్రం అన్నది.

లోయలోకి దిగే విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మనం అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లం, 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంత అని చాలామంది అనుకుంటారు. ఆలోచించండి. తిరుమలకు వెళ్లేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండగా ఎక్కుతాము, అలసిపోయాక దిగుతాము. అక్కడ వరుస తిరగబడుతుంది. హాయిగా దిగిపోతాము, అలసిపోయాక ఎక్కాలి. పైగా అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేది సుమారు 700 మీటర్లు, అక్కడ అంచు నుంచి నది దాకా 1,300 మీటర్లకు పైనే. వేసవిలో లోయ అడుగున ఎండ మన మే నెల ఎండకు తీసిపోదు. దారిలో మన నడకదారిలాగా మజ్జిగ అమ్మేవారు ఉండరు. నదికి దిగి అదే రోజు తిరిగి ఎక్కవద్దని పార్కు సిబ్బంది గట్టిగా చెబుతారు. నాలుగు మలుపులు దిగండి, రాతిపొరలు దగ్గరగా చూడండి, తిరిగి రండి. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఈ పీఠభూమికి అన్నిటికన్నా మంచి కాలం. మే నెల కూడా బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నాలు పిడుగులతో కూడిన వానలు, లోయల్లో వరదల భయం ఉంటాయి. పిల్లలకు సెలవులు కలిసివస్తాయని మే నెల చివరి సోమవారం, జూలై 4, సెప్టెంబరు మొదటి సోమవారం చుట్టూ ప్రయాణం పెట్టుకుంటారు. ఆ రోజుల్లో దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. వైకుంఠ ఏకాదశి నాడు మన కొండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అదే సెలవును రెండు వారాలు జరిపితే చాలు.

జూలైలో తప్ప కుదరదనేవారు ఈ పీఠభూమిని వదిలి ఎల్లోస్టోన్ ఒక్కటే పెట్టుకోండి, నాలుగు రాత్రులు ఉండండి. వేడినీటి ఊటలు, పొగలు కక్కే నేల, సుమారు తొంభై నిమిషాలకు ఒకసారి ఎగసిపడే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, రోడ్డుకు అడ్డంగా నడిచే బైసన్ అనే అడవిదున్నల మందలు. చెక్కబాట దిగవద్దు, ఆ నీరు మరుగుతూ ఉంటుంది. బైసన్‌కు కనీసం 23 మీటర్లు, ఎలుగుబంటికి 91 మీటర్ల దూరంలో ఉండండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడి రోడ్లు చాలావరకు మూసివేస్తారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జలపాతం చూడాలనేవారు మే, జూన్ నెలల్లోనే వెళ్లాలి. 739 మీటర్ల ఆ జలపాతం మంచు కరిగిన నీటితో పారేది కనుక ఆగస్టుకు ఎండిపోవచ్చు. వర్షాలు లేని రోజుల్లో తలకోనకు వెళ్లి నిరాశపడినవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది.

గదుల విషయంలో తొందరపడాలి. పార్కు లోపలి వసతి గృహాలు ఏడాది ముందే నిండిపోతాయి. లోపల దొరికితే తెల్లవారుజామున నడిచి అంచుకు వెళ్లవచ్చు, బయట దొరికితే రోజూ గంటసేపు రోడ్డు మీద పోతుంది. అందుకని ముందు గదులు, ఆ తేదీలను బట్టి విమానం. రుసుముల విషయంలో ఒక మార్పు వచ్చింది. 2026 జనవరి నుంచి పదకొండు ప్రధాన పార్కుల్లో విదేశీ సందర్శకులకు మనిషికి అదనంగా 100 డాలర్లు వసూలు చేస్తున్నారు. నేను చెప్పిన మూడు పార్కులూ ఆ పదకొండులో ఉన్నవే. ఏడాది పాసు అక్కడి నివాసులకు 80 డాలర్లు, విదేశీయులకు 250. ఏ పాసు ఎవరి పేరున తీసుకుంటే లాభమో, కారులో ఎవరెవరికి వర్తిస్తుందో బయలుదేరే ముందే పిల్లలతో పార్కు వెబ్‌సైటులో చూపించుకోండి.

ఆరోగ్యం సంగతి. మన ఊళ్లో ఎండకు చెమట పడుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం తెలుస్తుంది. అక్కడ గాలి పొడి, చెమట పట్టింది పట్టినట్లే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి, ఉప్పగా ఏదైనా తినండి. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలో ఉండాలి, కారు డిక్కీలో కాదు. భోజనానికి దారిలోని పెద్ద ఊళ్లో బియ్యం, పెరుగు, కూరగాయలు కొనుక్కుని ఐసు పెట్టెలో పెట్టుకుంటే నిశ్చింత. పులిహోర రెండో రోజుకు కూడా నిలుస్తుంది. ఎంత ముద్దుగా అడిగినా ఉడుతలకు మాత్రం పెట్టవద్దు. అది అక్కడ నేరం, అవి కరుస్తాయి కూడా.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను అలిపిరి దగ్గర ఉంటాను. ప్రయాణం పెట్టుకున్నవారు, వారి మనవలు, మనవరాళ్లు వస్తే ఘాట్ రోడ్డులో ఆ గీత కనబడే చోటికి తీసుకువెళ్లి చూపిస్తాను. బైనాక్యులర్ ఉన్నవారు తెచ్చుకోండి, నీళ్ల సీసా అందరూ తెచ్చుకోండి.